పాలు కాచినా పోని విషం

ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం. పాలు మరిగిస్తే అందులోని బాక్టీరియా చనిపోతుందని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగాను. మాన్కోలి నాకా వైపు నుంచి వచ్చే పిల్లవాడొకడు చెయ్యెత్తాడు. "టీచర్, మా అమ్మ పాలు పొంగొచ్చేదాక కాగవెట్టింది. గయినా తమ్మునికి వాంతులెందుకైనయ్?"

వెంటనే జవాబు తట్టలేదు. "గిన్నె సరిగా కడగలేదేమోలే" అని పాఠం ముందుకు నడిపాను. అది తప్పించుకునే జవాబని నాకు తెలుసు, వాడికీ తెలిసిపోయింది.

రెండు రోజుల తర్వాత వాడి తల్లి బడి గేటు దగ్గర కనబడింది. విషయం అడిగాను. పాలు తెల్లవారుజామున పితికినవి. పాలాయన క్యాన్లో పోసుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చేసరికి తొమ్మిదైంది. ఆమె గోదాములో పనికి పోవాలి. పాలు గిన్నెలో పోసి గట్టు మీద మూతపెట్టి వెళ్లింది. మధ్యాహ్నం రెండింటికి వచ్చి కాచింది, చిన్నవాడికి పట్టింది. నాలుగు కాకముందే వాంతులు మొదలు. "పచ్చి పాలు తాపలేదు టీచరమ్మా, మంచిగ కాగవెట్టే తాపిన" అని మళ్లీ మళ్లీ చెప్పింది. తన తప్పేదో ఉందని నేను అనుకుంటున్నానేమోనని ఆమె బాధ.

ఆ పాలను ఎవరూ పరీక్ష చేయలేదు. కాబట్టి అవే కారణమని తీర్పు చెప్పను. కానీ ఆమె చెప్పిన వరసలో పిల్లవాడి ప్రశ్నకు జవాబుంది. ఆ జవాబు వెతకాలంటే గిన్నె దగ్గర కాదు, గేదె పొదుగు దగ్గర మొదలుపెట్టాలి.

మూడు భాషల్లో ఒకే జబ్బు

మన బడుల పిల్లలకు ఉన్న ఒక సౌకర్యాన్ని మనం ఎక్కువగా వాడుకోం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ వాళ్లకు మంచినీళ్లతో సమానం. ఈ జబ్బు పేరునే చూడండి. మనం పొదుగు వాపు అంటాం. తబేలాల్లో పనిచేసే ఉత్తరాది భయ్యాలు థనైలా అంటారు. థన్ అంటే చన్ను. మరాఠీ రైతు దగడీ అంటాడు. దగడ్ అంటే రాయి. మనవాళ్లు కంటికి కనబడింది చెప్పారు, భయ్యాలు జబ్బు వచ్చిన చోటు చెప్పారు, మరాఠీ రైతు పొదుగు మీద చెయ్యి పెట్టి చూసి చెప్పాడు. తరగతిలో ఈ మూడు పేర్లూ బోర్డు మీద రాస్తే సగం పాఠం అయిపోయినట్టే. మెత్తగా ఉండాల్సిన పొదుగు రాయిలా ఎందుకు గట్టిపడుతుంది అన్నదే మిగతా సగం.

పొదుగును పాలు నింపిన సంచి అనుకుంటాం. అది సంచి కాదు, కార్ఖానా. లోపల కంటికి కనబడనంత చిన్న చిన్న బుడగలు లక్షల్లో ఉంటాయి, ద్రాక్ష గుత్తిలా సన్నని గొట్టాలకు వేలాడుతూ. ఒక్కో బుడగ లోపలి గోడ ఒకే ఒక వరస కణాలతో కట్టినది. పాలు తయారుచేసేవి ఆ కణాలే. గోడకు అవతలి వైపు సన్నని రక్తనాళాలు. కణం రక్తం నుంచి గ్లూకోజు తీసుకుని పాలచక్కెర చేస్తుంది, అమైనో ఆమ్లాలు తీసుకుని కేసీన్ చేస్తుంది, కొవ్వు చుక్కలు చేస్తుంది, అన్నిటినీ బుడగ లోపలికి వదులుతుంది. ఒక లీటరు పాలు తయారు కావాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. గేదె ఊరికే నిలబడి నెమరు వేస్తున్నట్టు కనబడుతుంది గానీ లోపల సాంచెలు రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటాయి.

పద్మనగర్, కామత్‌ఘర్ పిల్లలకు ఈ గోడను బట్టతో పోల్చి చెబితే ఇట్టే అర్థమవుతుంది. కణం పక్కన కణం ఎంత బిగువుగా ఉంటుందంటే, పడుగు పేక బాగా పడిన గుడ్డలో నీళ్లు పోసినా జారనట్టు, రక్తంలోని ఉప్పు పాలలోకి రాదు, పాలలోని చక్కెర రక్తంలోకి పోదు. ఒక్క పోగు తెగితే కార్మికుడు సాంచె ఆపి అతుకు పెడతాడు. పొదుగులో సాంచె ఆపే వీలు లేదు.

చిల్లు పొడిచే ఏడుగురు

ఈ బట్టకు చిల్లులు పొడిచేది ఎవరు? పొదుగు వాపు తెచ్చే బాక్టీరియా చాలా రకాలు. వాటిలో మన కథకు ముఖ్యమైనవి రెండు. ఒకటి స్టెఫిలోకాకస్ ఆరియస్. 1880ల మొదట్లో స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీములో దీన్ని చూసి, గుత్తులు గుత్తులుగా ఉందని ద్రాక్షగుత్తికి గ్రీకు మాటతో పేరుపెట్టాడు. 1884లో జర్మనీలో రోజెన్‌బాఖ్ దాని బంగారు రంగును బట్టి ఆరియస్ అని చేర్చాడు. మన చర్మం మీద, ముక్కు లోపల, చేతి వేలి పుండులో ఉండేది ఇదే. రెండోది ఈ.కోలి. ఇది పేడలో ఉంటుంది. మొదటిది ఎక్కువగా పితికే చేతుల నుంచి, ఒక పశువును తుడిచిన గుడ్డతోనే మరో పశువును తుడవడం వల్ల వస్తుంది. రెండోది తడి నేల నుంచి వస్తుంది.

చన్ను చివర సన్నని రంధ్రం ఉంటుంది. దాన్ని ఒక కండరం బిగించి ఉంచుతుంది. గేదెకు ఆ బిగింపు ఆవు కంటే గట్టిది. అందుకే గేదెలకు ఈ జబ్బు ఆవులకన్నా కొంత తక్కువ. అయితే పాలు పితికిన తర్వాత అరగంట, గంటసేపు ఆ తలుపు సరిగా మూసుకోదు. సరిగ్గా అప్పుడే పశువు అలసిపోయి పేడ తడిలో పడుకుంటే క్రిములకు దారి దొరికినట్టే. పాత రైతులు పితికిన వెంటనే మేత వేసేవాళ్లు. తినే పశువు నిలబడే ఉంటుంది కదా.

లోపలికి వెళ్లిన క్రిమి పొదుగును కొరుక్కు తింటుందని పిల్లలు ఊహించుకుంటారు. మనమూ అలాగే చెబుతాం, పళ్లను పురుగు తిన్నది అన్నట్టు. అది తినదు. విషం వదులుతుంది. ఆ విషం కూడా ఎక్కువగా ప్రొటీనే, మనం పప్పులో తినే ప్రొటీన్ల జాతిదే. స్టెఫిలోకాకస్ వదిలే ముఖ్య విషం పేరు ఆల్ఫా టాక్సిన్. దాని పని తీరు చూస్తే నాకు భయమూ వేస్తుంది, కొంచెం మెచ్చుకోవాలనీ అనిపిస్తుంది. క్రిమి దాన్ని విడివిడి ముక్కలుగా వదులుతుంది. ఒక్కో ముక్క ద్రవంలో తేలుతూ వచ్చి కణం మీది పొరకు అంటుకుంటుంది. అంటుకున్న ముక్కలు జరుగుతూ జరుగుతూ ఒకదాన్నొకటి కలుస్తాయి. ఏడు ముక్కలు కలిసి గుండ్రంగా చేరగానే వలయం పూర్తవుతుంది, దాని కాడ పొరలోకి దిగుతుంది, నడుమ రంధ్రం తెరుచుకుంటుంది. చొక్కాకు గుండీ కాజా కుట్టినట్టే, కాకపోతే ఈ కాజా మొత్తం ఎత్తు మిల్లీమీటరులో లక్షో వంతు. ఇది ఏడు ముక్కలదని, పుట్టగొడుగు ఆకారంలో ఉంటుందని 1996లో అమెరికాలో ఎరిక్ గువో బృందం ఎక్స్-రేలతో స్పష్టంగా చూపించింది.

రంధ్రం చిన్నదే. దాని గుండా పొటాషియం బయటికి కారిపోతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కణం లోపల ఈ లవణాల లెక్క తప్పితే ఇక ఏ పనీ జరగదు. కణం ఉబ్బుతుంది, పగులుతుంది. చావకుండా మిగిలిన కణాలకూ పక్కవాటితో పట్టు తప్పుతుంది. శరీరంలోని ఇలాంటి పొరల మీద ఆల్ఫా టాక్సిన్ చేసే రెండో పని అదే, కణాన్ని కణంతో పట్టి ఉంచే అతుకు ప్రొటీన్ తెగిపోయేలా చేయడం. గోడలో సందులు పడతాయి. రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి వస్తాయి. పాలచక్కెర తగ్గుతుంది. పాలు ఉప్పగా తగిలితే పొదుగు చూడాలని పెద్దవాళ్లు అనేది ఇందుకే.

క్రిములను పట్టడానికి తెల్ల రక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. స్టెఫిలోకాకస్ దగ్గర వాటికీ వేరే విషాలున్నాయి. ల్యూకోసిడిన్ అంటారు, తెల్లకణాలను చంపేది అని అర్థం. పశువుల తెల్లకణాలనే ప్రత్యేకంగా గురిచూసే ల్యూకోసిడిన్ కూడా ఒకటుంది. పోలీసును చంపి దొంగతనానికి పోయినట్టు. ఇక కొన్ని క్రిములు పాల కణాల లోపలే దాక్కుంటాయి. అక్కడికి మందు సరిగా చేరదు. జబ్బు నయమైందనుకున్న నెల తర్వాత మళ్లీ అదే చన్ను వాచడానికి ఇదొక కారణం.

ఆల్ఫా టాక్సిన్ మరీ ఎక్కువైతే పొదుగులోని సన్న రక్తనాళాలు బిగుసుకుపోతాయి. ఆ భాగానికి రక్తం అందదు. వేడిగా ఎర్రగా ఉండాల్సిన వాపు చల్లబడి నీలం రంగుకు తిరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ భాగం కుళ్లి ఊడిపోవచ్చు, పశువే పోవచ్చు. వాచిన పొదుగు చల్లబడిందంటే తగ్గుతోందని సంతోషించేవాళ్లను చూశాను. అది తగ్గడం కాదు. ఆ క్షణమే డాక్టరును పిలవాలి.

చచ్చాక పగ తీర్చుకునేది

ఈ.కోలి దారి వేరు. దాని ముఖ్య విషం బయటికి వదిలేది కాదు, దాని ఒంటి గోడలోనే భాగం. 1892లో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ దానికి ఎండోటాక్సిన్ అని పేరుపెట్టాడు, లోపలి విషం అని. క్రిమి బతికి ఉన్నప్పుడు ఇది కొద్దికొద్దిగానే రాలుతుంది. చచ్చి ముక్కలైనప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. పొదుగు కణాల మీద ఈ పదార్థాన్ని గుర్తుపట్టే కాపలా ప్రొటీన్లు ఉన్నాయి. అవి ప్రమాద గంట కొట్టగానే తెల్లకణాలు గుంపులు గుంపులుగా దిగుతాయి. అవి క్రిముల మీద చల్లే ఘాటు రసాయనాలు, ఎంజైములు పాల కణాల మీదా పడతాయి. ఇంట్లో దూరిన పాము కోసం ఇల్లే తగలబెట్టినట్టు. శాస్త్రవేత్తలు క్రిమి అనేదే లేకుండా, శుద్ధి చేసిన ఎండోటాక్సిన్ ఒక్కదాన్నే ఆవు చన్నులోకి ఎక్కించి చూశారు. కొన్ని గంటల్లోనే వాపు, జ్వరం, నీళ్లలాంటి పాలు, అన్నీ వచ్చాయి.

ఇక్కడే మన తెలుగువాళ్లకు సంబంధించిన ఒక పేరు గుర్తొస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ మందు 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అదే పెద్దక్క. మనుషులకూ వాడారు, పశువులకూ వాడారు. ఆ మందుల గొప్పతనం ఏమిటంటే అవి క్రిమి లోపల ప్రొటీన్ తయారీనే ఆపేస్తాయి. కొత్త విషం తయారు కాదు. కానీ అప్పటికే బయటికి వచ్చేసిన విషాన్ని అవి ఏమీ చేయలేవు. అది చేయాల్సిన నష్టం చేసి తీరుతుంది. సాయంత్రం పాలలో పలుకులు చూసి, రేపు ఆదివారం కదా, ఎల్లుండి చూద్దాం అనుకునే రైతుకు చెప్పాల్సింది ఈ ఒక్క ముక్కే. ఈ జబ్బులో రోజుల లెక్క లేదు, పూటల లెక్క.

చచ్చిపోయిన పాల కణాల చోట ఏం వస్తుంది? గాయం మానినప్పుడు చర్మం మీద మచ్చ పడినట్టు, అక్కడ నారలాంటి గట్టి కణజాలం నిండుతుంది. అది పాలివ్వదు. మరాఠీ రైతు చేతికి తగిలిన రాయి మొదట వాపు, తర్వాత ఈ మచ్చ. ఆ భాగం మళ్లీ మునుపటిలా పాలివ్వడం అరుదు. నాలుగు చన్నుల గేదె మూడు చన్నుల గేదె అవుతుంది, దాని ధర అక్కడే పడిపోతుంది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలంటారు గానీ, నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న పశువు హఠాత్తుగా తన్నితే తన్నుబోతు అని కర్ర తీసేముందు పొదుగు తడిమి చూడాలి. నొప్పికి తన్నుతుందేమో.

1914లో ఫిలిప్పీన్స్‌లో పాలు తాగిన మనిషి

ఇక పిల్లవాడి ప్రశ్నకు వస్తాను. ఆ ప్రశ్న వందేళ్ల కిందటే ఒక పరిశోధకుడు వేసుకున్నాడు, అదీ తన కడుపు మీదే. ఎం.ఎ. బార్బర్ ఫిలిప్పీన్స్‌లో పనిచేసేవాడు. ఒక పొలం దగ్గర పాలు తాగినప్పుడల్లా ఆయనకు కడుపు చెడేది. గమనించగా, పితికిన వెంటనే తాగితే ఏమీ కావడం లేదు, కొన్ని గంటలు వేడిలో నిలవ ఉన్న పాలు తాగితేనే అవుతోంది. పైకి ఆరోగ్యంగా కనిపించే ఒక ఆవు పొదుగులోనే స్టెఫిలోకాకస్ దొరికింది. దాన్ని వేరుచేసి, మంచి పాలలో వేసి, వెచ్చగా ఉంచి, తానే తాగాడు. మళ్లీ అదే వాంతులు. 1914లో ఆయన ఈ సంగతి అచ్చు వేయించాడు. ఫిలిప్పీన్స్ వాతావరణం మన కొంకణ్ లాంటిదే, ఉక్కపోత.

బార్బర్ మాటను చాలామంది పట్టించుకోలేదు. 1930లో షికాగోలో గెయిల్ డాక్ దాన్ని మళ్లీ పైకి తెచ్చాడు. క్రిస్మస్ కేకులు తిన్నవారికి వాంతులైతే, ఆ కేకులో దొరికిన స్టెఫిలోకాకస్‌ను ద్రవంలో పెంచి, క్రిములన్నిటినీ వడపోసి తీసేసి, మిగిలిన ద్రవాన్ని స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారికి తాగించాడు. క్రిమి ఒక్కటీ లేని ద్రవంతోనే వాళ్లకు వాంతులయ్యాయి. అంటే వాంతి తెప్పించేది క్రిమి కాదు, అది వదిలిన విషం.

ఈ విషం పేరు ఎంటరోటాక్సిన్. పొదుగు కణాలకు చిల్లులు పొడిచే ఆల్ఫా టాక్సిన్, ఇది ఒకటి కాదు. రెండూ ఒకే క్రిమి చేతిలోని వేరువేరు ఆయుధాలు. ఎంటరోటాక్సిన్‌కు ఉన్న మొండితనం చూడండి. మరిగే నీటి వేడిలో అరగంట ఉంచినా దాని బలం పూర్తిగా పోదు. మనం పాలు ఎంతసేపు మరిగిస్తాం? పొంగు రాగానే దించేస్తాం. క్రిమి చస్తుంది, విషం అలాగే ఉంటుంది. రంగు మారదు, వాసన మారదు, పాలు విరగవు. కడుపులోకి వెళ్లిన అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు వాంతులు, కడుపు నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. మామూలుగా ఒక రోజులో తగ్గిపోతాయి. కానీ చిన్నపిల్లల ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఓఆర్ఎస్ పట్టడం, డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకూడదు.

ఇది మన పేద వాడల్లోనే జరిగేది అనుకోకండి. 2000 సంవత్సరంలో జపాన్‌లోని ఒసాకా ప్రాంతంలో ఒక పెద్ద డెయిరీ పాలు తాగి 13 వేలకు పైగా జనం జబ్బుపడ్డారు. హొక్కైడోలోని పాలపొడి కర్మాగారంలో కొన్ని గంటలు కరెంటు పోయింది. ఆ సమయంలో పాలు వెచ్చగా ఉండిపోయాయి, స్టెఫిలోకాకస్ పెరిగి విషం చేసింది. కరెంటు వచ్చాక పాలను వేడిచేశారు, పొడి చేశారు. క్రిములు చచ్చాయి, విషం పొడిలోకి వెళ్లింది, పొడి నుంచి మళ్లీ పాలలోకి వచ్చింది. మంచి యంత్రాలున్న దేశంలో కొన్ని గంటల కరెంటు కోత చేసిన పని అది. మన భివండీలో కరెంటు కోత గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లవాడి ఇంట్లో తప్పు కాచడంలో లేదు, కాచిన వేళలో ఉంది. పాలు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం రెండు దాకా వెచ్చగా ఉన్నాయి. విషం తయారు కావడానికి ఆ వేడి, ఆ సమయం సరిపోతాయి. తొమ్మిదింటికే కాచి ఉంటే క్రిమి విషం చేసేలోపే చచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది. ఆ తల్లికి ఇదే చెప్పాను, తప్పు నీది కాదు, పని వేళలది అని. అయినా పాలు రాగానే పొయ్యి మీద పెట్టి, ఆ తర్వాతే పనికి పోవడం ఆమె చేతిలో ఉన్నదే. కాచాక చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టగలిగితే ఇంకా మంచిది, ఆ చల్లదనంలో ఈ క్రిమి విషం చేయలేదు. ఫ్రిజ్ లేనివాళ్లు తక్కువ కొని ఆ పూటే వాడేయాలి. ప్యాకెట్ పాలు వేడిచేసి చల్లబరిచినవే. కానీ దుకాణంలో ఎండలో పెట్టి అమ్మితే, ఇంట్లో విప్పి చేతులు పెట్టి మధ్యాహ్నం దాకా వదిలేస్తే, వాటికీ ఇదే లెక్క. బడి పండుగలకు ముందురోజు రాత్రి పాయసం, బాసుంది చేసి గది మూలన పెట్టే అలవాటు మన బడుల్లో చాలాచోట్ల ఉంది. వడ్డించేవారి చేతి పుండు ఒక్కటి చాలు. వేలికి పుండున్న ఆయాను, తల్లిని ఆ రోజు వంటకు దూరంగా ఉంచమంటే నొచ్చుకుంటారు. కారణం చెప్పి అడిగితే నొచ్చుకోరు.

నల్లగుడ్డ, బట్టల సబ్బుపొడి

తబేలా వాళ్లను తిట్టిపోయడం నాకిష్టం లేదు. ఒక చన్ను పాలు పారబోయడమంటే ఆ పూట సంపాదన పారబోయడమే. పైగా పొదుగు వాపు ఎక్కువసార్లు పైకి కనబడనే కనబడదు. వాపు ఉండదు, పలుకులు ఉండవు, పాలు మాత్రం రోజురోజుకీ కాస్త తగ్గుతాయి. అలాంటి పశువు పాలే క్యాన్లో అందరి పాలతో కలుస్తాయి. బార్బర్ చూసిన ఆవు అలాంటిదే.

కనబడనిదాన్ని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పితికే ముందు ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడాలి. తెల్లటి పలుకులు, దారాలు, నీళ్లలాంటి చుక్కలు కనబడితే ఆ చన్నులో జబ్బుంది. బట్టల ఊళ్లో నల్లగుడ్డ ముక్కకు కొదవలేదు. రెండోది, అరలీటరు నీళ్లలో ఆరు చెంచాల బట్టల సబ్బుపొడి కలిపి, ఒక్కో చన్ను పాలకు వేరువేరు గిన్నెల్లో పాలెంతో ఆ నీళ్లంత పోసి నిమిషం తిప్పడం. మంచి పాలైతే నీళ్లలాగే ఉంటాయి. జబ్బు పాలైతే జిగురుగా చిక్కబడతాయి. ఎందుకంటే ఆ పాలలో చచ్చిన, పోరాడుతున్న తెల్లకణాలు లక్షల్లో ఉంటాయి. సబ్బు వాటి పొరలను కరిగిస్తుంది, లోపలి డీఎన్ఏ బయటపడి జిగురవుతుంది. 1957లో అమెరికాలో వచ్చిన కాలిఫోర్నియా పరీక్ష సూత్రం ఇదే. ఆవు పాలలో మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటితే అనుమానించాలని లెక్క. చూసిన పాలు మాత్రం ఎవరూ తాగకుండా పారబోయాలి, అది పిల్లలకు రెండుసార్లు చెప్పాలి. డీఎన్ఏ గురించి ఇంతకన్నా తేలికైన ప్రయోగం నాకు తెలియదు. బాలభారతి తెలుగు పుస్తకంలో బొమ్మ చూపించి డీఎన్ఏ అనడం ఒకటి, గిన్నెలో జిగురు చూపించి అనడం ఇంకొకటి.

డాక్టరు ఇచ్చిన మందు పూర్తిగా వాడాలి, మందు వాడుతున్న రోజుల్లో, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులు, ఆ పాలు అమ్మకూడదు. అలాంటి పాలు సరిగా తోడుకోకపోవడం చాలా ఇళ్లలో అనుభవమే. మందు శేషం పెరుగు చేసే బాక్టీరియాను ఆపేస్తుంది. పశువుల సంచార వైద్యం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు. మరాఠీలో చెప్పాల్సి వస్తే కాస సుజ్లీ ఆహే, పొదుగు వాచింది అని మన పిల్లవాడే చెప్పగలడు.

ఒక తల్లి అడిగింది, పిల్లలకు టీకాలున్నట్టు దీనికి లేదా అని. మంచి ప్రశ్న. బడిలో 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీ టీకా క్రిమి మీదకు కాదు, ధనుర్వాతం, కంఠసర్పి క్రిములు వదిలే విషం మీదకే శరీరాన్ని సిద్ధం చేస్తుంది. కంఠసర్పిలో ప్రాణం తీసేది విషమేనని 1888లో పారిస్‌లో రూ, యెర్సాన్ క్రిములను వడపోసిన ద్రవంతో చూపించారు. ఆ విషాన్ని నిర్వీర్యం చేసి టీకా చేయగలిగారు, ఎందుకంటే అక్కడ ముఖ్య విషం ఒక్కటే. స్టెఫిలోకాకస్ దగ్గర విషాల గుంపే ఉంది. పొదుగు వాపుకు టీకాలు ఉన్నాయి గానీ పూర్తి రక్షణ ఇచ్చేది ఇంకా లేదు. అందాకా నల్లగుడ్డే దిక్కు.

ఈ సంగతులన్నీ చదువుకుని మళ్లీ ఆ తరగతికి వెళ్లాను. బోర్డు మీద మునుపు రాసిన వాక్యం కింద ఇంకో వాక్యం రాశాను, క్రిమి చచ్చినా అది చేసిన విషం పోకపోవచ్చు అని. ఆ రోజు గిన్నె మాట చెప్పింది తప్పేనని ఒప్పుకున్నాను. పిల్లవాడు ఏమీ అనలేదు. తర్వాతి శనివారం తండ్రితో కలిసి తమకు పాలు పోసే తబేలాకు వెళ్లాడట. భయ్యా మొదట నవ్వాడట, తర్వాత గుడ్డ తనే పట్టుకున్నాడట. సోమవారం ప్రార్థన కాకముందే నా దగ్గరికి వచ్చాడు. "మూడిట్ల ఏం లేదు టీచర్. ఎనక ఎడమ దాంట్ల సన్నగ పలుకులొచ్చినయ్. భయ్యా డాక్టరుకు ఫోన్ జేసిండు. గా చన్ను పాలు ఇప్పుడు వేరే గిన్నెల పిండుతుండు."